ఉత్తర ధ్రువం చేప, రేణిగుంట దొంగ

కోపం తగ్గాక రాద్దామనుకున్నాను. ఉద్యోగం నుంచి దిగిపోయి చాలాకాలమైంది. మోకాళ్ళు మొరాయించాయి, కంటికి ఆపరేషన్ అయింది, కోపం మాత్రం పోలేదు. ఇక పోదని తేలిపోయింది కాబట్టి రాస్తున్నాను. ల్యాబుల్లో కొత్తగా చేరే పిల్లలు ఎవరైనా చదివితే మంచిది. వాళ్ళ పై అధికారులు చదివితే ఇంకా మంచిది.

నేను పనిచేసింది తిరుపతిలో ఒక పరిశోధనశాలలో. పేరు చెప్పను, మీరూ కనుక్కోకండి. మాది జంతువుల డి.ఎన్.ఏ. చదివే విభాగం. పులిగోరు అని అమ్మింది నిజంగా పులిదేనా, పొట్టేలు మాంసం అన్నదాంట్లో ఏం కలిపారు, అటవీశాఖ వాళ్ళు పట్టుకున్న కూరగిన్నెలో ఉడికింది దుప్పా మేకా, ఇలాంటివి తేల్చేవాళ్ళం. దక్షిణ ధ్రువం వైపు పోయే ఓడల్లోని శాస్త్రవేత్తలు పంపే చేప ముక్కలు కూడా మాకే వచ్చేవి. బయట రోహిణికార్తె ఎండకు కొండరాళ్ళు కాలిపోతుంటే, లోపల కూర్చుని మంచుసముద్రం చేపలకు కులగోత్రాలు వెతికేవాళ్ళం.

పని గురించి కొంచెం చెప్పాలి, లేకుంటే తర్వాతి సంగతి అర్థం కాదు. అంగట్లో సబ్బు మీద నల్లగీతలుంటాయి కదా, మెషిన్‌కు చూపిస్తే అదేం సబ్బో చెప్పేస్తుంది. ప్రాణుల కణాల్లో కూడా అలాంటి చోటు ఒకటి ఉంది. అక్కడ వరసగా ఉండే ఆరువందల పైచిలుకు అక్షరాలు చదివి, ప్రపంచంలో ఇంతవరకు చదివి దాచినవాటితో పోల్చి చూస్తాం. దీన్నే బార్‌కోడింగ్ అంటారు. తల నరికేసి, తోలు వలిచేసి, ముక్కలు చేసి మంచులో పెట్టినా, బియ్యపుగింజంత కండ చాలు, చేప తన పేరు తాను చెప్పేస్తుంది.

మా విభాగంలో నాతో పనిచేసిన అమ్మాయిది పలమనేరు దగ్గర పల్లె. వాళ్ళ నాయన టమాటా రైతు. డాక్టరేటు చేసి, ప్రాజెక్టు ఉన్నన్నాళ్ళే ఉండే కాంట్రాక్టు ఉద్యోగంలో చేరింది. ఢిల్లీ నుంచి ఎంత పెద్ద శాస్త్రవేత్త వచ్చినా ఇంగ్లీషులో చెప్పాల్సింది చెప్పేసి, నా వైపు తిరిగి “ఈయప్పకు అర్థమయిందో లేదో అక్కా” అనేది. మొదటిసారి వచ్చిన ఫలితాన్ని ఎప్పుడూ నమ్మేది కాదు. రెండోసారి చేయాల్సిందే.

మా పెద్దాయన, అంటే ల్యాబు అధికారి, చెడ్డ శాస్త్రవేత్త అని అంటే కళ్ళు పోతాయి. మా విభాగానికి ఆ యంత్రాలన్నీ తెప్పించింది ఆయనే. ఆఫీసుల చుట్టూ చెప్పులరిగేలా తిరిగాడు. అయితే ఆయనకొక బలహీనత. పత్రికలో ఫోటో పడాలి. పడిన రోజు ల్యాబంతటికీ ఆయన ఖర్చుతో మైసూర్‌పాకు.

ఒకరోజు పోలీసులు థర్మోకోల్ పెట్టె ఒకటి తెచ్చారు. లోపల ఐసు మధ్య తోలు తీసిన తెల్లటి చేప ముక్కలు. సంగతేమిటంటే, చిత్తూరులో మామిడి గుజ్జు విదేశాలకు పంపే వ్యాపారి ఒకాయన, పనిలో పనిగా అక్కడి నుంచి గడ్డకట్టిన చేపలు తెప్పించి బెంగళూరులోని పెద్ద హోటళ్ళకు అమ్మేవాడు. అందులో ఒకటి దక్షిణ ధ్రువ సముద్రంలో దొరికే చేప. ఇంగ్లీషులో టూత్‌ఫిష్. మనం పళ్ళచేప అనుకుందాం. ప్లేటులో రెండు ముక్కలు పెట్టి, పక్కన కొత్తిమీర రెమ్మ పెట్టి, మన నెల జీతం అడుగుతారట దానికి. ఈ సరుకంతా రేణిగుంటలోని ఒక కోల్డ్ స్టోరేజీలో ఉండేది. ఒక హోటలు వంటవాడు ముక్క వండి చూసి “ఇది ఆ చేప కాదు” అన్నాడు. వ్యాపారి వెంటనే ఫిర్యాదు చేశాడు. తను తెప్పించింది అసలు సరుకేనని, స్టోరేజీలో పనిచేసే స్టోర్‌కీపరే దాన్ని అమ్ముకుని పెట్టెల్లో వేరే చేప పెట్టాడని. వ్యాపారి ఆఫీసు చిత్తూరులో ఉంది కాబట్టి కేసు అక్కడే పెట్టారు.

మమ్మల్ని అడిగింది ఒకే ప్రశ్న. ఇది పళ్ళచేపా, కాదా?

దానికి గబగబా చేసే పరీక్ష ఒకటుంది. ఆ చేపైతే జెల్లీ లాంటి పలక మీద గీత వస్తుంది, కాకుంటే రాదు. ఓడలవాళ్ళు ఇచ్చిన అసలు పళ్ళచేప ముక్కను పక్కన పెట్టుకుని చేశాం. దానికి గీత వచ్చింది, పోలీసులు తెచ్చినదానికి రాలేదు. అమ్మాయి తన అలవాటు ప్రకారం మళ్ళీ చేసింది. మళ్ళీ రాలేదు.

పెద్దాయన గదికి వెళ్ళి చెప్పాను. “సార్, పళ్ళచేప కాదు. కానీ ఇది సగం పరీక్షే. ఏ చేపో బార్‌కోడ్ చదివి చెబుదాం. వారం ఆగితే చాలు.”

“వాళ్ళు అడిగింది అవునా, కాదా అని కదమ్మా?” అన్నాడాయన. “కాదు అని తేలింది. అడగనిదానికి జవాబు చెప్పడం మన పని కాదు.”

“కాదు అని మాత్రం రాస్తే ఎవరికి తోచింది వాళ్ళు అనుకుంటారు సార్.”

“అనుకోవడం వాళ్ళ పని.”

సాయంత్రానికి రిపోర్టు వెళ్ళిపోయింది. ఒకే వాక్యం. మర్నాడు పత్రికలో పెద్దాయన తెల్లకోటు వేసుకుని సూక్ష్మదర్శిని పక్కన నిలబడిన ఫోటో. చేప పరీక్షకూ ఆ సూక్ష్మదర్శినికీ ఏ సంబంధమూ లేదు. ఫోటోకు బాగుంటుందని తెప్పించి పెట్టారు. కింద పెద్ద అక్షరాలతో శీర్షిక, చేపల దొంగను పట్టించిన డి.ఎన్.ఏ. అని. ఆ రోజే స్టోర్‌కీపర్‌ను అరెస్టు చేశారు.

పోలీసులు అల్లిన కథ చాలా సులువు. తడ వైపు చెరువుల్లో పంగాసియస్ అని ఒక చేపను పెంచుతారు. తెల్లగా, చవగ్గా, ముక్కలు చేస్తే ఏ చేపో పోల్చుకోలేనట్టు ఉంటుంది. స్టోర్‌కీపర్ అత్తగారి ఊరు తడ దగ్గరే. ఇంకేం కావాలి? అక్కడి నుంచి చెరువు చేప తెచ్చి పెట్టెల్లో కుక్కి, అసలు సరుకు అమ్ముకున్నాడన్నారు. మా రిపోర్టులో పంగాసియస్ అన్న మాట లేదు. లేకపోతేనేం, కాదనే మాట కూడా లేదు.

ల్యాబులో అందరూ మైసూర్‌పాకు తిన్నారు. అమ్మాయి తన ముక్కను కాగితంలో చుట్టి నా బల్ల మీద పెట్టేసి పోయింది.

కొన్నాళ్ళకు, మధ్యాహ్నం వేళ, గేటు దగ్గరి వాచ్‌మన్ ఫోన్ చేశాడు. “మేడమ్, ఎవురో ఆయమ్మ వచ్చి కూర్చోనుండాది. పొమ్మన్నా పోలే. చేప పరీక్ష చేసినోళ్ళు కావాలంటాది.”

వెళ్ళి చూశాను. నలభై దాటని మనిషి. మెడలో చిన్న శిలువ గొలుసు. ఎండకు కొంగు తలమీద కప్పుకుని, గేటు బయట సిమెంటు దిమ్మె మీద కూర్చుంది. నన్ను చూసి లేచింది గానీ నమస్కారం పెట్టలేదు. పెట్టాల్సిన పనేముంది?

“నువ్వేనా అమ్మా, మా ఇంటాయన దొంగని చెప్పింది?”

“నేను ఆ మాట చెప్పలేదమ్మా.”

“మీరు చెప్పినారనే గదా పట్టకపోయినారు. పేపర్లో ఏసినారు. మా బిడ్డను ఇస్కూల్లో చేపల దొంగ కూతురంటాండారు. చర్చిలో మా పక్కన కూసునేదానికి గూడా వెనకాడతాండారు. సరే, ఆ చేప కాదంటిరి. మరి యే చేపంట అది?”

ఆమె నా వైపు ఒక అడుగు ముందుకు వేసింది.

“పోలీసోళ్ళను అడిగితే ల్యాబునడుగు అన్నారు. మా వకీలును అడిగితే రిపోర్టులో లేదన్నాడు. ఈడికొస్తే గేటుకాడ నిలబెట్టినారు. ఇది కాదు అని చెప్పేదానికి ఇంత పెద్ద బిల్డింగు కావల్నా? ఏదో చెప్పండి. చెరువు చేపే అని చెప్పండి, నేనే నా చేత్తో ఆయప్పను ఇంట్లోంచి ఎల్లగొడతా. కాకుంటే కాదని చెప్పండి.”

గొంతు పెరిగింది. వాచ్‌మన్ దగ్గరికి రాబోతే నేనే వద్దన్నాను. లోపలికి రమ్మంటే రానంది. మంచినీళ్ళు ఇస్తే తాగలేదు. “కనుక్కుని చెబుతాను” అన్నాను. “ఎప్పుడు?” అంది. “వారం” అన్నాను. ఏ వారం అయితే ఆగమని పెద్దాయనను బతిమాలానో ఆ వారమే ఇప్పుడు ఆమెను అడుగుతున్నాను.

పోలీసులు తెచ్చిన ముక్కల్లో కొంత మా డీప్‌ఫ్రీజరులో సీలుతో అలాగే ఉంది. అమ్మాయికి చెప్పాను. ఆమె అప్పటికే సిద్ధంగా ఉంది. తిరుపతి మార్కెట్‌కు పోయి పంగాసియస్ చేప ఒకటి కొనుక్కొచ్చింది, పక్కన పెట్టి పోల్చడానికి. “అక్కా, చెరువు చేపే అయితే ఏం జేస్తాం?” అని అడిగింది. “అదే రాస్తాం. ఆయమ్మకూ అదే చెబుతాం” అన్నాను. నిజంగానే అప్పటికి నాకు ఏమీ తెలియదు. స్టోర్‌కీపర్ దొంగే అయ్యుండొచ్చు. నేను అతని ముఖం కూడా చూడలేదు.

ఫలితం వచ్చిన రోజు అమ్మాయి కుర్చీలో వెనక్కి వాలి కంప్యూటర్ తెర కేసి చూస్తూ కూర్చుంది. నేనే వెళ్ళి చూశాను. పంగాసియస్ కాదు. పళ్ళచేప ఎలాగూ కాదు. గ్రీన్‌లాండ్ హాలిబట్ అని ఉంది.

ఆ చేప సంగతి మాకు పుస్తకాల్లోనే తెలుసు. మన నాలుక చేప లాగా చప్పటిది, దానికి దూరపు చుట్టమే. ఒక కన్ను దాదాపు నెత్తి మీదికి ఎక్కి ఉంటుంది. ఉండేది ఉత్తరాన, గ్రీన్‌లాండ్ చుట్టూరా, చల్లటి సముద్రం అడుగున. పెట్టె మీద రాసింది దక్షిణ ధ్రువం చేప. లోపలున్నది ఉత్తర ధ్రువం చేప.

“ఇది తప్పయ్యుంటుంది” అన్నాను.

“నేనూ అట్లే అనుకుంటి. మళ్ళీ చేస్తా” అంది.

కొత్త ముక్క తీసి, కొత్త రసాయనాలు తీసుకుని, బల్ల తుడిచి, మొదటి నుంచి చేసింది. మళ్ళీ అదే వచ్చింది. ఈసారి ఇద్దరం నవ్వేశాం. ఆ నవ్వు ఎక్కువసేపు నిలవలేదు.

“అక్కా,” అంది అమ్మాయి, “రేణిగుంటలో ఈ చేప యాడ దొరుకుతుందక్కా?”

ఎక్కడా దొరకదు. రేణిగుంటలో కాదు కదా, తడలో, చెన్నై కాశిమేడు చేపల రేవులో వెతికినా దొరకదు. స్టోర్‌కీపర్ చేప మార్చాడంటే, మార్చడానికి చేతిలో ఆ చేప ఉండాలి. నెలజీతానికి పనిచేసే మనిషి మంచుసముద్రం నుంచి చేప తెప్పించి, మంచుసముద్రం చేపను దొంగిలించాడని నమ్మాలి. ఆ పెట్టెల్లోకి అది ఎక్కడో దేశంకాని దేశంలోనే చేరింది. పెట్టె రేణిగుంటలో దిగేటప్పటికే లోపల ఉన్నది అదే.

ఫలితాలు పట్టుకుని పరుగున పెద్దాయన దగ్గరికి పోయాను. ఆయన అంతా శ్రద్ధగా చదివాడు. అర్థం కాక కాదు, నాకంటే ముందే అర్థమైంది ఆయనకు. కళ్ళద్దాలు తీసి తుడుచుకున్నాడు.

“చాలా ఆసక్తికరంగా ఉంది. దీని మీద వ్యాసం రాయొచ్చు.”

“వ్యాసం తర్వాత సార్. ముందు కోర్టుకు రెండో రిపోర్టు పంపాలి. ఒక మనిషి జైల్లో ఉన్నాడు.”

“రెండో రిపోర్టు అంటే మొదటిది తప్పని ఒప్పుకున్నట్టు కదా?”

“తప్పు కాదు, సగం.”

“జనానికి ఆ తేడా తెలియదు. పత్రికల్లో అంత వచ్చాక ఇప్పుడు మనం మాట మారిస్తే ఈ ల్యాబును రేపు ఎవరు నమ్ముతారు? అతను నిర్దోషి అయితే కోర్టే వదిలేస్తుంది. అందుకే కదా కోర్టులున్నది.”

ఆ మాట ఆయన చాలా మామూలుగా అన్నాడు, బస్సు పోతే ఇంకో బస్సు వస్తుందిలే అన్నట్టు. రిపోర్టు టైపు చేసి ఆయన బల్ల మీద పెట్టాను. రోజూ వెళ్ళి అడిగేదాన్ని. “చూస్తానమ్మా” అనేవాడు. దాని మీద ఇంకో ఫైలు, ఆ ఫైలు మీద పూలగుత్తి చేరాయి. సంతకం మాత్రం కాలేదు.

వారం అయ్యాక స్టోర్‌కీపర్ భార్య మళ్ళీ వచ్చింది. ఈసారి నేనే గేటు బయటికి పోయి ఆ దిమ్మె మీద ఆమె పక్కన కూర్చున్నాను.

“చెరువు చేప కాదమ్మా” అన్నాను. ఆమె కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. “మీ వకీలుకు చెప్పు. పరీక్ష చేసిన మనిషిని సాక్షిగా పిలిపించమని అడగమను. పిలిస్తే నేను వస్తాను.”

ఇలా చెప్పడం ఉద్యోగ నియమాలకు ఒప్పుతుందా అని తర్వాత నన్ను చాలామంది అడిగారు. ఒప్పదేమో. ఆ నియమాలు రాసినవాళ్ళు ఆ దిమ్మె మీద ఒకసారి కూర్చుని చూడాలి.

పిలుపు రావడానికి ఏడాది దాటింది. ఈలోగా స్టోర్‌కీపర్‌కు బెయిలు వచ్చింది, ఉద్యోగం పోయింది. రేణిగుంటలో అద్దె ఇల్లు ఖాళీ చేయించారు. సమన్లు చూసి పెద్దాయన నన్ను పిలిచాడు. “వెళ్ళిరండి. రిపోర్టులో ఉన్నది మాత్రమే చెప్పండి” అన్నాడు. నేను “సరే” అనలేదు, “కాదు” అనలేదు. ఆయన దగ్గరే నేర్చుకున్నాను కదా సగం చెప్పడం.

పొద్దున్నే అమ్మాయీ నేనూ చిత్తూరు బస్సెక్కాం. దావ పొడుగునా అమ్మాయి నాతో సాక్ష్యం వల్లె వేయించింది. “అక్కా, ఇంగ్లీషు మాటలు వద్దు. జడ్జికి మీ ఇంట్లో చెప్పినట్ల చెప్పు.”

కోర్టు వరండాలో మొదటిసారి స్టోర్‌కీపర్‌ను చూశాను. బక్కపల్చటి మనిషి, ఇస్త్రీ చొక్కా, చేతులు రెండూ ముందుకు కట్టుకుని గోడకు ఆనుకోకుండా నిలబడ్డాడు. అతని వకీలు ముసలాయన, ఆయాసం మనిషి. నల్లకోటు వెలిసి బూడిద రంగుకు వచ్చింది. “వచ్చినారా తల్లీ, మంచిది” అని మాత్రం అన్నాడు.

బోనులో నిలబడగానే ప్రభుత్వ వకీలు మొదలుపెట్టాడు. “పరీక్షించిన చేప పెట్టె మీద రాసిన చేప కాదని మీ రిపోర్టు. నిజమేనా?”

“నిజమే.”

“అంతే. ఇంకేం లేదు” అని కూర్చున్నాడు.

ముసలి వకీలు బల్ల పట్టుకుని లేచాడు. “ఆ చేప కాదన్నారు. మరి ఏ చేపమ్మా అది?”

“రిపోర్టులో లేని సంగతి అడుగుతున్నారు” అని ప్రభుత్వ వకీలు మళ్ళీ లేచాడు. మేజిస్ట్రేటు చేయి ఎత్తి అతన్ని ఆపి నా వైపు చూశాడు.

“పరీక్ష చేసింది మీరేనా?”

“నేనూ, నాతో పనిచేసే అమ్మాయీనండి.”

“ఏ చేపో తెలుసా?”

“తెలుసండి.”

“తెలిసి రిపోర్టులో ఎందుకు రాయలేదు?”

అమ్మాయి వెనక బెంచీలో కూర్చుని నన్నే చూస్తోంది. “రాసి పెట్టానండి. సంతకం కాలేదు” అన్నాను.

“ఎవరి సంతకం?”

“మా ల్యాబు అధికారిదండి.”

మేజిస్ట్రేటు ఏదో రాసుకున్నాడు. తర్వాత “చెప్పండి” అన్నాడు. చెప్పాను. ఉత్తర ధ్రువం వైపు దొరికే చేప అనగానే వెనక బెంచీల్లో ఎవరో కిసుక్కుమన్నారు. ప్రభుత్వ వకీలుకు ఊపు వచ్చింది. “ఏదైతేనేం? వేరే చేపే కదా. ముద్దాయి తడ నుంచి తెచ్చి మార్చినాడు.”

“తడలో దొరకదండి” అన్నాను. “మన సముద్రంలోనే లేదు. ఈయన దాన్ని తెచ్చి మార్చాలంటే ముందు ఓడెక్కి గ్రీన్‌లాండ్ పోవాల.”

ఈసారి ఎవరూ నవ్వలేదు. మేజిస్ట్రేటు పోలీసు అధికారిని పిలిచి, “స్టోరేజీలో సీలు తీయని పెట్టెలు ఇంకా ఉన్నాయా?” అని అడిగాడు. ఉన్నాయి. ఓడలో వచ్చినవి వచ్చినట్టే, విదేశీ కంపెనీ టేపుతో. ఇన్నాళ్ళూ వాటిని తెరిచి చూద్దామని ఒక్కరికీ తోచలేదు. తోస్తే కేసు పోతుంది కదా.

కోర్టు మనిషి ఎదుట వాటిని తెరిచి ముక్కలు తీయించారు. మా ల్యాబుకు కాకుండా వేరే రాష్ట్రంలోని ల్యాబుకు పంపారు. అందుకు నాకేం బాధ లేదు. అన్నిటిలోనూ అదే చేప. స్టోర్‌కీపర్ నిర్దోషి అని తీర్పు వచ్చింది.

ఆ రోజు వరండాలో అతని భార్య నా చేయి పట్టుకుని ఏడ్చింది. అతను ఏడవలేదు. “మేడమ్, ఆ చేప పేరు ఇంగోసారి చెప్పండి” అన్నాడు.

“హాలిబట్.”

“హాలిబట్టు,” అని రెండుసార్లు అనుకున్నాడు. “అన్నేండ్లు కాపలా కాస్తి గదా. పేరన్నా తెలుసుకోవల్ల.”

ఇక్కడితో ఆగిపోతే బాగుండేది. ఆగలేదు.

వ్యాపారి మీద ఏ కేసూ రాలేదు. “నన్నే విదేశంలో మోసం చేశారు” అన్నాడు, అందరూ అయ్యో పాపం అన్నారు. స్టోర్‌కీపర్ కూడా అదే మాట అన్నాడు కదా, తనకేమీ తెలియదని? ఆయనను ఎవరూ అయ్యో పాపం అనలేదు. కోల్డ్ స్టోరేజీ వాళ్ళు తిరిగి పనిలోకి తీసుకోలేదు. “నువ్వు తప్పు జేయలేదు, సరే. కానీ నీ మీద కేసు ఉండె గదప్పా” అన్నారట. చిత్తూరు దగ్గర ఒక గుజ్జు ఫ్యాక్టరీలో మామిడికాయల సీజనులో బుట్టలు దించే పనికి కుదిరాడు. సీజను అయిపోతే అదీ లేదు. తీర్పు వార్త పత్రికలో లోపలి పేజీలో, పెళ్ళిసంబంధాల ప్రకటన పక్కన, వేలెడంత వచ్చింది. ఫోటో లేదు.

నేను చిత్తూరు నుంచి వచ్చిన మర్నాడే పెద్దాయన పిలిచాడు. “కోర్టులో నా సంతకం గురించి చెప్పడం అంత అవసరమా?”

“అడిగారు సార్.”

“తప్పించుకుని ఉండొచ్చు కదా.”

ఆ నెలాఖరుకు అమ్మాయి ప్రాజెక్టు ముగిసిందన్నారు. మిగతా అందరి ప్రాజెక్టులూ పొడిగించారు, ఆమెది మాత్రం ముగిసింది. నన్ను ఏమీ చేయలేకపోయారు, ఇక రిటైరు కాబోయేదాన్ని. గాజుసామాను కొనుగోలు చూసుకోమని స్టోరులో కూర్చోబెట్టారు. అమ్మాయి సామాను సర్దుకుని పోతుంటే గేటు దాకా వెళ్ళాను. “ఏమక్కా, ఏడస్తాండావా? నాకు మదనపల్లెలో కాలేజీ పని చూసుకున్యా. పిల్లోళ్ళకు చెప్పేదానికి ఒక కథ దొరికింది లే” అంది. ఆ పిల్ల ముందు ఏడవకూడదని నేను కూడా నవ్వాను.

చివరిది చెప్పి ముగిస్తాను. నేను రిటైరవడానికి ముందు ల్యాబు వార్షికోత్సవం జరిగింది. హాలు నిండా జనం. కలెక్టరాఫీసు వాళ్ళు, పత్రికల వాళ్ళు, కాలేజీ పిల్లలు. పాతవాళ్ళందరికీ ఆహ్వానం పోయింది కాబట్టి అమ్మాయి కూడా వచ్చి వెనక వరసలో నా పక్కన కూర్చుంది. పెద్దాయన మాట్లాడుతూ తెర మీద ఒక బొమ్మ వేయించాడు. గ్రీన్‌లాండ్ హాలిబట్. నెత్తి మీద కన్నుతో.

“ఈ చేప ఒక అమాయకుణ్ణి జైలు నుంచి తప్పించింది,” అన్నాడు. “మన ల్యాబు చేసిన పని అది. ఆ వ్యక్తి ఇవాళ మన మధ్య ఉన్నారు.”

స్టోర్‌కీపర్‌ను వేదిక మీదికి పిలిచారు. కారు పంపి తెప్పించారట. అదే బక్కపల్చటి మనిషి, ఇంకా చిక్కాడు. ముందు వరసలో ఆయన భార్య కూర్చుని ఉంది. వాళ్ళను పిలిచిన సంగతి మాకెవరికీ చెప్పలేదు. అమ్మాయి నా మోచెయ్యి గట్టిగా పట్టుకుంది. పెద్దాయన శాలువా కప్పాడు. కెమెరాలు మెరిశాయి. “రెండు మాటలు మాట్లాడండి” అని మైకు ఆయన ముందుకు జరిపాడు.

స్టోర్‌కీపర్ మైకును చూశాడు, జనాన్ని చూశాడు. గొంతు సవరించుకున్నాడు.

“అందరికీ నమస్కారం. నాకు మాట్లాడేది రాదు. నేను దొంగను కాదని ఈ ల్యాబోళ్ళు చెప్పినారు. నిజమే.” పెద్దాయన వైపు తిరిగాడు. “నేను దొంగనని ముందు చెప్పింది గూడా ఈ ల్యాబోళ్ళే. పేపర్లో ఏసినారు. ఈ సారే ఆ ఫోటోలో ఉండాడు. ఆ పొద్దు నాకు శాలువా అక్కర్లే. ఇంగొక వారం ఆగింటే చాలు.”

ఇప్పుడైనా, అనుకున్నాను. ఇప్పుడైనా పెద్దాయన తల దించుకుంటాడు. పదిమంది ముందు “తప్పయింది” అనకపోయినా, కనీసం తల దించుకుంటాడు.

పెద్దాయన మైకు అందుకున్నాడు. “ఎంత నిజాయితీ! ఎంత సూటిగా మాట్లాడారో చూడండి! సామాన్యుడి గొంతు అంటే ఇదీ!” అన్నాడు. అని తనే ముందు చప్పట్లు కొట్టాడు. ముందు వరస కొట్టింది. తర్వాత హాలంతా కొట్టింది. ఫోటోగ్రాఫర్లు మళ్ళీ ఫ్లాష్‌లు మెరిపించారు.

స్టోర్‌కీపర్ శాలువా తీసి, నిదానంగా మడత పెట్టి, మైకు బల్ల మీద ఉంచి మెట్లు దిగాడు. భార్య లేచి ఆయన పక్కన చేరింది. ఇద్దరూ హాలు మధ్య దావన మా పక్కగా నడిచి తలుపు వైపు పోయారు. అమ్మాయి లేచి వాళ్ళ వెనకే పోయింది. నేనూ నా చేతిసంచి తీసుకుని లేచాను.

మేం నలుగురం బయటికి వచ్చి ఎండలో నిలబడేసరికి కూడా లోపల చప్పట్లు ఆగలేదు.